ఏ రాజధానికి పంపుదాం?

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. అదే రోజున ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించారు. మన సంఘంలోని పెద్దలకు ఆనాటి రేడియో వార్తలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఇక్కడ తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. ఆ రాజకీయాల సంగతి అటుంచితే, ఈ ఇద్దరి జీవితాల్లో ఒక సామ్యం ఉన్నది. జాకీర్ హుస్సేన్ హైదరాబాదులో పుట్టినవారు. గిరిగారు బరంపురంలో పుట్టిన తెలుగువారు. ఇద్దరూ యౌవనంలో పైచదువు కోసం ఐరోపా వెళ్ళారు. లండన్ తప్ప మరో ఊరి పేరు ఎవరికీ తోచని ఆ కాలంలో ఒకరు బెర్లిన్‌ను, మరొకరు డబ్లిన్‌ను ఎంచుకున్నారు. ఆ ఎంపిక వారిద్దరినీ ఎలా మలిచిందో చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇప్పుడెందుకీ ప్రస్తావన అనవచ్చు. కొంతకాలంగా మన కొత్తకోట, వనపర్తి, గద్వాల ప్రాంతాల పింఛనుదారుల ఇళ్ళకు ఒక కొత్త రకం కాగితం వస్తున్నది. హైదరాబాదులో చదువుకుంటున్న మనుమడో మనుమరాలో ఒక సెమిస్టరు పాటు ఐరోపాలో చదివి రావచ్చుననీ, ఫలానా మూడు నాలుగు నగరాల్లో ఒకటి కోరుకొమ్మనీ కాలేజీవారు రాస్తారు. దీన్ని స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ అంటున్నారు. మన పిల్లలు అటు వెళ్తారు, వారి పిల్లలు ఇటు వస్తారు. సాధారణంగా ఫీజు మన కాలేజీకే కడితే సరిపోతుంది. అక్కడి తిండి, బస, రానుపోను విమాన ఖర్చులు మాత్రం ఇంటివారివి. ఉపకారవేతనం దొరికితే కొంత బరువు తగ్గుతుంది. ఐరోపా దేశాలు 1987లో తమలో తాము మొదలుపెట్టుకున్న ఎరాస్మస్ పథకం ఇలాంటిదే. తర్వాత కాలంలో మనవంటి దేశాల విద్యార్థులకూ అందులో చోటు దొరికింది.

కాగితం రాగానే ఇంట్లో మూడు ప్రశ్నలు పుడతాయి. ఎక్కడ చవక? ఎక్కడ చలి తక్కువ? ఎక్కడ మనవాళ్ళున్నారు? మూడూ న్యాయమైనవే. బ్యాంకులో డిపాజిట్టు విడిపించవలసింది తాతగారైనప్పుడు ఖర్చు గురించి అడిగే హక్కు ఆయనకు పూర్తిగా ఉన్నది. కాని ఆ ఊరిమీద ఏం గడిచింది, ఆ గడిచినదాన్నుంచి మన పిల్ల ఏం నేర్చుకోగలదు అన్నది ఎవరూ అడగడం లేదు. నా మటుకు అదే మొదటి ప్రశ్న కావాలి.

హైదరాబాదుకు ఐరోపా చదువు ముఖ్యంగా ఎడిన్‌బరో ద్వారా వచ్చింది. స్కాట్లండ్ దేశపు పాత రాజధాని అది. 1707లో ఇంగ్లండుతో కలిసిపోయి తన పార్లమెంటును పోగొట్టుకున్నది. అధికారం పోయినా చదువు పోలేదు. అక్కడి వైద్యవిద్యకు ప్రపంచమంతటా పేరు. 1870లలో అక్కడ డాక్టరేటు పొందిన అఘోరనాథ్ చటోపాధ్యాయ హైదరాబాదుకు వచ్చి, తర్వాత నిజాం కాలేజీగా రూపొందిన విద్యాసంస్థకు పునాదులు వేసిన వారిలో ముఖ్యుడయ్యారు. 1883లో చాందా రైల్వే ఒప్పందాన్ని ప్రశ్నించినందుకు సర్కారు ఆయన్ను రాజ్యం నుంచి పంపివేసింది. తర్వాత మళ్ళీ రానిచ్చింది. చదువుకున్నవాడు ప్రశ్నిస్తే సర్కారుకు నచ్చకపోవడం ఈనాటి రోగం కాదన్నమాట.

క్లోరోఫాం కథ కూడా ఎడిన్‌బరోదే. 1847లో సింప్సన్ అనే వైద్యుడు రోగికి స్పృహ తప్పించడానికి దాన్ని వాడి చూపింది అక్కడే. ఎడిన్‌బరోలో తర్ఫీదైన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా వచ్చి, నిజాం ప్రభుత్వపు ఖర్చుతో 1888, 1889 సంవత్సరాల్లో రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపించారు. ఆ తీర్మానాలను తర్వాతి పరిశోధనలు సవరించాయి. అయినా ప్రపంచ వైద్యులందరూ హైదరాబాదు పేరు పలికిన సందర్భమది. ఆ పాఠశాలలోనే చదివి, మత్తు ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూంజీ 1909లో స్వయంగా ఎడిన్‌బరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు నేర్చుకున్నది. మత్తు ఇచ్చే విద్యకు అప్పటికి విడిగా కోర్సే లేదు. పని తెలిసిన మనిషి ఆ పనికి మూలం ఉన్న ఊరు వెతుక్కుంటూ వెళ్ళడం ఇది. ఊరు ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తోచదు.

ఇక డబ్లిన్. ఇక్కడ కొంచెం నిలబడి చెప్పాలి.

గిరిగారు 1894 ఆగస్టు 10న జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. 1913లో కొడుకు న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు వెళ్ళాడు. ఆ రోజుల్లో డబ్లిన్ పేరుకే రాజధాని. దాని పార్లమెంటు 1800 సంవత్సరపు చట్టంతో రద్దయి, పాలన అంతా లండన్ నుంచి నడుస్తున్నది. అంటే మన కుర్రవాడు ఒక బానిస దేశం నుంచి మరో బానిస దేశానికి వెళ్ళాడు. పాలించేవాడి ఊరికి వెళ్తే పాలించేవాడి దర్జా కనిపిస్తుంది. తనలాంటివాడి ఊరికి వెళ్ళినవాడికి తన పరిస్థితే అద్దంలో కనిపిస్తుంది.

ఆయన అక్కడికి చేరిన 1913లోనే డబ్లిన్‌లో గొప్ప కార్మిక సంఘర్షణ జరిగింది. ఆగస్టులో ట్రాము కార్మికులు సమ్మె మొదలుపెట్టారు. యజమానులందరూ ఏకమై, సంఘంలో ఉండబోమని సంతకం పెట్టినవారికే పని అన్నారు. సంతకం పెట్టని సుమారు 20 వేల మందికి ఫ్యాక్టరీల, దుకాణాల తలుపులు మూసేశారు. 1914 జనవరి దాకా ఆ ఆకలి రోజులు సాగాయి. జిమ్ లార్కిన్, జేమ్స్ కొనోలీ ఆ కార్మికుల నాయకులు. చివరకు కార్మికులు ఓడిపోయారు. కాని సంఘం అనే మాట డబ్లిన్ వీధుల్లో స్థిరపడిపోయింది. సంఘం పెట్టుకున్నందుకు మెమోలు అందుకున్నవారు మన సభ్యుల్లోనూ ఉన్నారు గనుక ఈ సంగతి వారికి విడమరచి చెప్పనక్కరలేదు.

డబ్లిన్‌లో ఉన్న కొద్దిమంది భారతీయ విద్యార్థులతో కలిసి గిరిగారు దక్షిణాఫ్రికాలో మనవారు పడుతున్న బాధల గురించి ఒక కరపత్రం తెచ్చారు. పోలీసులు దాన్ని పట్టుకున్నారు. ఆ తర్వాత ఈ విద్యార్థులమీద నిఘా మొదలైంది. 1916 ఏప్రిల్ 24న, ఈస్టరు సోమవారం నాడు, ఐరిష్ స్వాతంత్ర్య తిరుగుబాటు మొదలైంది. ఒక వారంలో అణిచివేశారు. మే నెల మొదటి 12 రోజుల్లో 15 మందిని నిలబెట్టి కాల్చి చంపారు. వారిలో థామస్ మెక్‌డొనా ఒకరు. ఆయన కవి, గిరిగారు చదువుకుంటున్న యూనివర్సిటీ కాలేజీలో ఆంగ్ల అధ్యాపకుడు. కొనోలీ మరొకరు. గాయపడి నిలబడలేని స్థితిలో ఉంటే ఆయన్ను కుర్చీకి కట్టి కాల్చారు. మెక్‌డొనాను కాల్చింది మే 3న. సరిగ్గా 53 ఏళ్ళ తర్వాత అదే మే 3న, ఆ కాలేజీ విద్యార్థి ఒకడు భారతదేశపు రాష్ట్రపతి భవనంలో అడుగు పెట్టాడు. ఇది కేవలం కాకతాళీయం. జీవితమంతా ఫైళ్ళమీద తేదీలు చూసిన గుమాస్తా కంటికి ఇలాంటివే ఆనతాయి, పాఠకులు మన్నించాలి.

1916 జూన్‌లో బారిష్టరు పట్టా చేతికి వచ్చింది. జూలై 1వ తేదీకల్లా దేశం విడిచి వెళ్ళమని ఉత్తర్వు కూడా వచ్చింది. ఇంటికి వచ్చిన బారిష్టరు పెద్ద ఫీజుల దారి వదిలి రైల్వే కార్మిక సంఘాల నిర్మాణంలో దిగారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో మద్రాసు రాష్ట్ర కార్మిక మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యం తర్వాత 1952లో కేంద్ర కార్మిక మంత్రి. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల గురించి ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు ఆయన మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. ఉద్యోగుల జీతం కోసం ఒక మంత్రి తన కుర్చీ వదులుకున్నాడు! అటువంటి రాజీనామాలు ఆ తర్వాత ఎన్ని చూశామో సభ్యులే లెక్క వేసుకోవాలి. ఆయన గుణమంతా డబ్లిన్ ఇచ్చిందేనని నేను అనను. ఇంటి సంస్కారం ఉన్నది, మన జాతీయోద్యమం ఉన్నది. కాని 19 ఏళ్ళ వయసులో కళ్ళారా చూసినది మనిషిని వదలదు.

బెర్లిన్ కథ వేరు. జాకీర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. 1920లో సహాయ నిరాకరణ పిలుపు అందుకుని ప్రభుత్వ సహాయంతో నడిచే కాలేజీని వదిలి, జామియా మిల్లియా అనే జాతీయ విద్యాసంస్థను స్థాపించినవారిలో ఒకరయ్యారు. అటువంటివాడు డిగ్రీ కోసం లండన్ వెళ్ళడం పొసగదు. 1922లో జర్మనీ వెళ్ళారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన జర్మనీలో మార్కు విలువ రోజురోజుకూ పడిపోతున్నది. రూపాయలు పట్టుకు వెళ్ళినవాడికి బెర్లిన్ చవక. ఆ కారణంగా కూడా మన దేశపు విద్యార్థులు ఆ రోజుల్లో జర్మనీ దారి పట్టారు.

ఆ చవకను ఎవరు భరించారో ఒక్కసారి ఆలోచించండి. 1923 నవంబరు నాటికి ఒక అమెరికన్ డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. రొట్టె కొనాలంటే వేల కోట్ల మార్కులు కావాలి. కూలివాడికి రోజు కూలి రోజూ పెరిగేది, వెంటనే ఖర్చు పెట్టుకునేవాడు. భూమి, ఇల్లు ఉన్నవాడు నిలదొక్కుకున్నాడు. పూర్తిగా మునిగిపోయినవారు ఎవరంటే, జీవితమంతా కూడబెట్టి బ్యాంకులో వేసుకున్నవారు, ప్రభుత్వ బాండ్లు కొన్నవారు, నిర్ణీత రాబడిమీద బతికే ముసలివారు. 30 ఏళ్ళు దాచుకున్నది ఒక తపాలా బిళ్ళ ఖరీదు కూడా చెయ్యకుండా పోయింది. ఆ తరం మనసులో రగిలిన అవమానం తర్వాత హిట్లరుకు పనికివచ్చిందని చరిత్రకారులు చెబుతారు. పెరిగే ధరలకు తగినట్టు కరువు భత్యం ఎందుకు కావాలో మన సంఘం ఎన్ని మహజర్లలో రాసినా, బెర్లిన్ 1923 చెప్పినంత గట్టిగా చెప్పలేదు.

జాకీర్ హుస్సేన్ 1926లో డాక్టరేటు పొందారు. బ్రిటిషు ఇండియాలోని వ్యవసాయ వ్యవస్థ ఆయన పరిశోధన విషయం. మధ్యలో 1925లో బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ కవితలను అందంగా అచ్చు వేయించారు. పరాయి ఊళ్ళో ఉండి సొంత భాష కవిని చేతుల్లోకి తీసుకోవడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. చేతిపనితో కలిపిన చదువు గురించి జర్మన్ విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ చెప్పిన ఆలోచనలు ఆయన మనసుకు పట్టాయి. 1937లో గాంధీగారి వార్ధా విద్యా పథకానికి రూపం ఇచ్చిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. మనలో కొందరు చిన్నప్పుడు బడిలో తకిలీతో నూలు వడికి ఉంటారు. ఆ తకిలీ వెనుక సేవాగ్రామ్‌తో పాటు కొంత బెర్లిన్ కూడా ఉన్నదన్నమాట.

అదే బెర్లిన్ మరొక హైదరాబాదు బిడ్డను వేరే దారిన నడిపించింది. అఘోరనాథ్‌గారి పెద్ద కొడుకు వీరేంద్రనాథ్, సరోజినీ నాయుడుగారి తమ్ముడు, ఐ.సి.ఎస్. పరీక్ష కోసం లండన్ వెళ్ళి విప్లవకారుడయ్యాడు. లండన్ నుంచి పారిస్, 1914లో బెర్లిన్, 1917లో స్టాక్‌హోం, మళ్ళీ బెర్లిన్, 1930లలో సోవియట్ దేశం. 1937 సెప్టెంబరు 2న స్టాలిన్ కాలపు అరెస్టుల్లో ఆయన్ను కాల్చి చంపారు. మళ్ళీ హైదరాబాదు చూడలేదు. అక్క సరోజిని 1895లో నిజాం ఇచ్చిన ఉపకారవేతనంతో లండన్, కేంబ్రిడ్జి చదివి, 1898లో తిరిగి వచ్చి మచిలీపట్నం వారైన డాక్టర్ గోవిందరాజులు నాయుడుగారిని పెళ్ళాడింది. ఇంగ్లీషు పువ్వుల గురించి, పిట్టల గురించి రాసే ఆమెకు, నీ దేశం గురించి రాయమ్మా అని హితవు చెప్పినది లండన్ విమర్శకుడు ఎడ్మండ్ గాస్. ఒకే ఇంటి పిల్లలు, ఒకే లండన్. ఊరు ఒక్కటే మనిషిని చెయ్యదనడానికి ఈ ఇంటిని మించిన సాక్ష్యం లేదు.

వీరందరూ వకీళ్ళ, ప్రొఫెసర్ల, ఉన్న ఇళ్ళ పిల్లలు. మన పాలమూరు రైతుబిడ్డకు ఆ కాలంలో మద్రాసే విదేశం. గద్వాల సీమలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు మద్రాసు వెళ్ళి చదువుకుని వచ్చి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. ఇప్పుడు కొత్తకోట మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే శంషాబాదు పక్కనుంచి పోతున్నది. బస్సు స్టాండు దగ్గర ఎక్కిన పిల్ల మరునాటికి ప్రాగ్‌లో దిగవచ్చు. కనుక ప్రాగ్ గురించి కూడా నాలుగు మాటలు.

అక్కడి చార్లెస్ విశ్వవిద్యాలయం 1348 నాటిది. రెండో ప్రపంచ యుద్ధంలో వార్సా, బెర్లిన్ నేలమట్టమైనా ప్రాగ్ పాత బస్తీ చాలావరకు నిలిచింది. 1882లో భాష తగవు ముదిరి ఆ విశ్వవిద్యాలయం చెక్ భాషలో ఒకటి, జర్మన్ భాషలో ఒకటిగా చీలిపోయింది. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా పుట్టినప్పుడు ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ అయి నలిగిన తండ్రుల కొడుకులం మనం. ప్రాగ్ తగవు మనకు వెంటనే అర్థమవుతుంది. 1939 నవంబరు 17న జర్మన్ నాజీలు తొమ్మిది మందిని, విద్యార్థి నాయకులే ఎక్కువ, చంపి, 1200 మందికి పైగా విద్యార్థులను నిర్బంధ శిబిరానికి పంపి, చెక్ ఉన్నత విద్యాలయాలన్నీ మూసేశారు. 1945 దాకా అవి తెరుచుకోలేదు. ఏటా అంతర్జాతీయ విద్యార్థి దినం జరిపేది ఆ తేదీనే. సరిగ్గా 50 ఏళ్ళకు, 1989 నవంబరు 17న, ఆ సంస్మరణ ఊరేగింపే కమ్యూనిస్టు ప్రభుత్వం దిగిపోవడానికి నాంది అయింది. ఎక్స్ఛేంజ్‌కు వెళ్ళే సెమిస్టరు సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలయ్యేదైతే మన పిల్ల ఆ తేదీన ఆ వీధిలోనే ఉంటుంది.

నన్ను అడిగితే లండన్, పారిస్‌లను చివరికి వదిలిపెట్టండి. వాటిని చూడడానికి ఎప్పుడైనా వెళ్ళవచ్చు. 1876లో మొదటి సాలార్‌జంగ్ అలాగే వెళ్ళాడు. పారిస్ హోటల్లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుని, రోమ్ నగరంలో మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ కొనుక్కుని వచ్చాడు. మనకు మంచి బొమ్మ మిగిలింది. పోగొట్టుకుని మళ్ళీ సంపాదించుకున్న రాజధానుల్లో మాత్రం మన పిల్లలు ఆరు నెలలు బతకాలి. ఎడిన్‌బరో పార్లమెంటు 292 ఏళ్ళ తర్వాత 1999లో మళ్ళీ కూర్చున్నది. డబ్లిన్, ప్రాగ్ అంతే. 2014లో రాష్ట్రం సంపాదించుకున్నవారి పిల్లలకు అక్కడ మాట్లాడుకోవడానికి విషయం దొరుకుతుంది.

కాగితాల విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. అక్కడ చదివిన సబ్జెక్టులను ఇక్కడి మార్కుల జాబితాలో కలుపుతామని కాలేజీ నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట పనికిరాదు. బెర్లిన్, ప్రాగ్, వియన్నాలకు చెల్లే షెంగెన్ వీసా డబ్లిన్‌కూ ఎడిన్‌బరోకూ చెల్లదు. ఐర్లండుకు వేరు, బ్రిటనుకు వేరు. పింఛను కమ్యుటేషన్ సొమ్మంతా ఒకేసారి దించకండి. పిల్లలు నొచ్చుకున్నా సరే.

ఎక్స్ఛేంజ్ అన్నాక వారి పిల్లలూ ఇటు వస్తారు గదా. డబ్లిన్ నుంచి వచ్చిన అమ్మాయి ఒక ఆదివారం మన కొత్తకోటకు వచ్చి, మీ ఊళ్ళో ఏం గడిచింది అని అడిగితే మనం ఏం చూపిస్తాం? వనపర్తి రాజుల భవనం ఉన్నది. సంస్థానం పోయాక 1959 నుంచి అందులో పాలిటెక్నిక్ నడుస్తున్నది. రాజు కోటలో రైతు కొడుకు ఇంజనీరింగు డ్రాయింగు గీశాడని చెప్పవచ్చు. గద్వాల కోట ఉన్నది. నూలు చీరకు పట్టు అంచు అతికే గద్వాల మగ్గం ఉన్నది. జూరాల ఆనకట్ట ఉన్నది. ఇవన్నీ ఆ పిల్లకు చూపించి, ఏ రాజు ఎప్పుడు, ఏ కాలువ ఎక్కడిదాకా అని చెప్పగలవారు మన సంఘంలో ఇంకా పది పదిహేను మంది ఉన్నాము. మనవళ్ళు సెలవులకు వచ్చినప్పుడు ముందు వారిని వెంటబెట్టుకుని వనపర్తి దాకా వెళ్ళి రావాలి. కొత్తకోట నుంచి బస్సులకు కొదవ లేదు.